కలిపిన ఒకటి

ఈలీ ఊళ్ళో ఏప్రిల్ అంటే ఇంకా మంచే.
రాగిగని వైపు నుంచి కొట్టే గాలికి
మా బడి కిటికీ పళ్ళు కొరుకుతూంటుంది.
నాలుగింటికి, పిల్లలు వెళ్ళాక
వెర్ల్ హెండ్రిక్సన్ వస్తాడు.
టోపీ తీసి, ముందు బెంచీలో
మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చుంటాడు.
ఏడేళ్ళుగా మాకిదే పని:
పెద్దకొమ్ముల కొండగొర్రె ట్యాగ్
ఈసారి ఆయనకి తగిలే అవకాశం ఎంతో
లెక్క తేల్చడం.
కోడిని కూడా కోసి ఎరగను నేను.
లెక్కకి ఆ పట్టింపు లేదు.

చీటీ తగలని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు.
పాయింట్ల వర్గం, మీద ఒకటి:
డబ్బాలో నీ పేర పడేవి అన్ని చీటీలు.
ఇరవైనాలుగు ఇరవైనాలుగులు ఐదొందల డెబ్భై ఆరు,
మీద ఒకటి.
"ఓడిపోయినందుకు చక్రవడ్డీ" అన్నానొకసారి.
నవ్వలేదు.
ఊరందరివీ, రాష్ట్రమందరివీ కలిపితే
నా అంచనా, నలభై ఒక్క వేలు.
ఇచ్చేవి ఐదు ట్యాగులు.
సుద్దముక్క ఆగిన చోట: నూటికి ఏడు.

"ఏడంటే, పద్నాలుగేళ్ళకోసారి రావాలిగా?"
రానక్కర్లేదు వెర్ల్.
మా అమ్మ వేసే చీటీలో
ఇరవై మందికి ఇరవై నెలలు,
ఎంత సుడి లేనివాడికైనా ఆఖరి నెల ఖాయం.
ఇది ఆ చీటీ కాదు.
ఈ డబ్బాకి జ్ఞాపకం ఉండదు.
వీధి చివర క్యాసినోలో
రాత్రంతా మెరిసే యంత్రాలకీ ఉండదు.

ఈ ఏడు ప్రశ్న తిరగేశాడు.
టోపీ అంచు వేళ్ళ మధ్య తిప్పుతూ
"రాకుండా ఉండే అవకాశం ఎంత?"

వందలోంచి ఏడు తీసేయడం
రెండో తరగతి పని.
అయినా బోర్డు మీదే చేశాను, నెమ్మదిగా,
ఆయన వైపు తిరక్కుండా.
తొంభై మూడు.
"మంచి అంకె" అన్నాడు.
గనిలో ముప్ఫయ్యేళ్ళు డంపర్ తోలిన మనిషి
బడి మెట్లు ఐదు దిగడానికి ఎంతసేపు పట్టిందో
కిటికీలోంచి లెక్కపెట్టాను.
ఆ అంకె బోర్డు మీద రాయలేదు.

మే నెలాఖర్న ఫోను తెచ్చి
నా బల్ల మీద బోర్లా పెట్టాడు.
"నువ్వు చూడు."
చూశాను. రాలేదు.
పంతొమ్మిదేళ్ళుగా సంభావ్యత చెబుతున్నాను.
ఆ మొహంలో
పోయిందన్నది ఎన్ని పాళ్ళో
గట్టెక్కానన్నది ఎన్ని పాళ్ళో
నాకు అందలేదు.

ఐదింటిలో ఒకటి మైటె ఎచెవెరికి వచ్చింది.
మా ఎనిమిదో తరగతి, మూడో వరస,
భిన్నాలంటే వణుకు.
వాళ్ళ ముత్తాత ఈ కొండల్లోనే గొర్రెలు కాశాడట.
తొలి దరఖాస్తు, సున్నా పాయింట్లు.
సున్నా వర్గం సున్నా.
మీద ఒకటి.
ఎనిమిది వేల రెండొందల్లో ఒక వంతు ఆ పిల్ల,
బబుల్‌గమ్ నములుతూ నా ముందు కూర్చుంది.
"ఆ ఒకటి ఎందుకు కలుపుతారు టీచర్?"
వెనక బెంచీ ప్రశ్న.
"కలపకపోతే కొత్తవాళ్ళ చీటీయే ఉండదు కదా"
అని, నోట్సులు తెరవమన్నాను.

శనివారం వాళ్ళింటి ముందు వెర్ల్ ట్రక్కు.
బానెట్ మీద మ్యాపు, ఎగిరిపోకుండా నాలుగు రాళ్ళు.
ఇన్నేళ్ళూ ట్యాగ్ లేకుండానే వెళ్ళి
చూసి పెట్టుకున్న నీటిచెలమలు:
ఒక్కోదాని మీదకీ ఆయన వేలు
మోకాళ్ళతో పని లేకుండా ఎక్కి దిగుతోంది.
మైటె నమలడం మానేసింది.

నన్ను చూసి చేయి ఊపాడు.
"వచ్చే ఏడు ఇరవై ఐదు. వర్గం ఎంత?"
నోటిలెక్కే. చెప్పాను.
మ్యాపు అంచున పెన్సిలుతో రాసుకుంటున్నాడు
ఆరొందల ఇరవై ఐదు.

తల ఎత్తకుండానే అంది ఆ పిల్ల,
"మీద ఒకటి."